పిలుపు నిజమైతే ముందు పూటకూళ్లవాడి పని నేర్చుకో

వందనాలమ్మా. నా కూతురి ఈడుదానివి, అందుకే ‘నువ్వు’ అంటున్నాను.

నువ్వు అడిగింది ఇది. హౌస్ సర్జెన్సీ అయి నాలుగు నెలలైంది. మీ చర్చి సంఘంలో మిషన్ కూడిక పెట్టి, విపత్తులు వచ్చినచోట వైద్యసేవకు వెళ్లేవాళ్లెవరని అడిగితే లేచి నిలబడ్డావు. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. నాన్నగారు పీజీ సీటు వచ్చాకే ఏదైనా అంటున్నారు. అమ్మ సంబంధాలు చూస్తున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ దేవుడి జవాబు కోసం కనిపెట్టుకుని ఉండమన్నారు. ఇది దేవుడి పిలుపా, నీ ఆవేశమా? పిలుపే అయితే ఈసారి ఎక్కడ తుఫాను వచ్చినా బయల్దేరిపోవచ్చా?

బయల్దేరొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

నేను గైనకాలజిస్టుని. దాదాపు ముప్పయ్యేళ్లుగా మిషన్ ఆసుపత్రుల్లోనే పని. మొదటిసారి నేనూ నువ్వు అనుకుంటున్నట్టే వెళ్లాను. 1999 అక్టోబరు 29న పెనుతుఫాను ఒరిస్సాలో పారాదీప్ దగ్గర తీరం దాటింది. జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది, సుమారు పదివేల మంది పోయారు. నాకప్పుడు ముప్పయ్యొక్కేళ్లు. మాది బందరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మర్నాటి నుంచి మా బడి వరండాలో పడుకున్న మనుషుల మొహాలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. అందుకే టీవీలో ఒరిస్సా చూడగానే ‘ప్రభువు నాకు ఈ భారం ఇచ్చాడు’ అనుకున్నాను. పదకొండు మందిమి, ఒక వ్యాను, పాత బట్టల మూటలు, మందుల షాపులవాళ్లు ఇచ్చిన శాంపిల్ మందులు అట్టపెట్టెల నిండా. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. వస్తున్నామని మేమూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజుకి మా తాగునీళ్లు అయిపోయాయి. ఇల్లూ వాకిలీ పోయిన మనుషులు, కూలిన చెట్ల నుంచి బోండాలు ఏరి కొట్టి మాకు ఇచ్చారు. మాకు ఒడియా రాదు. పెట్టెలు విప్పితే దగ్గు సిరప్‌లు, విటమిన్ బిళ్లలు, ఒక పెట్టె నిండా కీళ్లనొప్పుల ఆయింట్‌మెంటు. ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం అరవై. విరోచనాలు మొదలైన ఊళ్లో అరవై పొట్లాలు ఒక పూటకి రావు. నాలుగు రోజులుగా నిద్ర లేని ఒక ప్రభుత్వ డాక్టరు గారు వచ్చి, “ఎన్నాళ్లుంటారు?” అన్నారు. “ఎల్లుండి వెళ్లిపోతాం” అన్నాం. ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయారు. తిరిగొచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది.

కాబట్టి నీకు భారం కలిగిందా లేదా అని నేను అనుమానించను. కలిగే ఉంటుంది. నాకూ కలిగింది. ఆ భారం వల్ల ఎదుటివాడి కడవలో నీళ్లు తగ్గాయి, అంతే తేడా.

బైబిల్లో లూకా పదో అధ్యాయం నీకు కంఠతా వచ్చే ఉంటుంది. మన ప్రసంగాలన్నీ మంచి సమరయుడి దగ్గరే ఆగిపోతాయి. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషికి అతను చేసింది చూడు. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి, అంటే దారిలోని సత్రానికి, తీసుకెళ్లాడు, ఆ రాత్రి పరామర్శించాడు. మర్నాడు తన దారిన తాను వెళ్లాడు. ఆ మనిషి మాత్రం ఇంకా మంచం మీదే ఉన్నాడు. తర్వాతి రాత్రుల్లో జ్వరం వస్తే లేచి చూసిందీ, కట్టు విప్పి మార్చిందీ, గంజి పట్టిందీ ఎవరు? పూటకూళ్లవాడు. అతని ఊసే మనం ఎత్తం. సమరయుడి పేరు పెట్టిన ఆసుపత్రులు చాలా చూశాను గానీ, పూటకూళ్లవాడి పేరు ఎక్కడా కనబడలేదు. ఒక విషయం ఒప్పుకోవాలి, సమరయుడు తెలివైనవాడు. రెండు దేనారాలు పూటకూళ్లవాడి చేతిలో పెట్టాడు, ఇంకేమైనా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. డబ్బు ఏర్పాటు, తిరిగి రావడం రెండూ ముందే ఆలోచించుకున్నాడు. మా వ్యానులో ఆ రెండూ లేవు.

ఇది నాకు ఎరసమలో తట్టలేదు, నాగపట్నంలో తట్టింది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం, సునామీ వచ్చింది. ఆ ఒక్క జిల్లాలోనే ఆరు వేల మంది దాకా చనిపోయారు. వేళాంగణ్ణికి పండక్కి వచ్చిన యాత్రికులూ అందులో ఉన్నారు. ఈసారి నేను పనిచేసే ఆసుపత్రి పంపితే వెళ్లాను. వెల్లూరులో చదివినదాన్ని కాబట్టి తమిళం వచ్చు. పెద్ద పెద్ద ఆపరేషన్లు ఉంటాయనుకుని సరంజామా అంతా మోసుకెళ్లాం. సునామీలో అలా ఉండదమ్మా. నీళ్లు మింగినవాళ్లు పోతారు, బతికినవాళ్లకి చాలామందికి చీరుకుపోయిన గాయాలు, ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీళ్లూ బురదా పోయి న్యుమోనియా. భూకంపం అయితే వేరు, అక్కడ నలిగిన కాళ్లూ విరిగిన వెన్నులూ ఎక్కువ. ఏ విపత్తు ఏ రోగిని తెస్తుందో తెలియకుండా వెళ్తే సగం సామాను బరువు కిందే లెక్క.

అక్కడే ఒక తప్పు చేశాను. ఒక జాలరి అరికాలు రేకు కోసుకుని చీలిపోయింది. శుభ్రంగా కడిగాననుకుని, చక్కగా కుట్లు వేసి పంపాను. నా కుట్లు అందంగా ఉంటాయని పేరు. నాలుగో రోజు కాలు వాచి, చీము పట్టి, జ్వరంతో వచ్చాడు. కుట్లన్నీ విప్పితే లోపల ఇసుక. అలాంటి గాయాన్ని బాగా కడిగి, చచ్చిన కండ కోసేసి, తెరిచి ఉంచి, మూడు నుంచి అయిదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటేనే మూయాలని పుస్తకంలో నేనూ చదివాను, నువ్వూ చదివావు. చేతిలో సూది ఉండి, ఎదురుగా నెత్తురోడుతున్న మనిషి ఉంటే చదివింది గుర్తు రాదు. చేసి చేసి అలవాటైందే గుర్తొస్తుంది. ధనుర్వాతం టీకా కూడా అంతే. అదే సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేలో వందకు పైగా ధనుర్వాతం కేసులు వచ్చాయి.

అసలు పని మే నెలలో మొదలైంది. నేను మళ్లీ వెళ్లాను. తారు రేకుల షెడ్లలో కాపురాలు, లోపల నిప్పుల కొలిమి. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, “ఇద్దరు పిల్లల్నీ సముద్రం తీసుకుపోయింది. మీ డాక్టర్లు వేసిన ముడి మీరే విప్పండి” అంది. ఇద్దరు పిల్లలు చాలని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న తల్లులు ఆ తీరం పొడవునా ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం వాళ్లకి మళ్లీ గొట్టాలు కలిపే ఆపరేషన్ ఖర్చు తానే భరించింది. చాలా మంచి పని. అయితే ఆపరేషన్ టేబుల్ దాకా వెళ్లే ముందు చెయ్యాల్సింది చాలా ఉంది. మొదట ఏ పద్ధతిలో కట్టారు, ఎంత గొట్టం మిగిలింది అన్నదాన్నిబట్టే ఫలితం. అందరికీ గర్భం నిలవదు. అది ముందే చెప్పాలి. ఇంకొకటి, మొగుడూ అత్తా లేనప్పుడు ఆవిడని ఒంటరిగా కూర్చోబెట్టి, “నీకు కావాలా, వాళ్లకి కావాలా” అని అడగాలి. కొంతమంది నా ముందు ఏడ్చి, “నాకిప్పుడే వద్దు డాక్టరమ్మా, ఆ పిల్లల మొహాలు ఇంకా పోలేదు” అన్నారు. అప్పుడు వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లతో మాట్లాడ్డమే నా వైద్యం. అప్పటికి కెమెరాలు ఎప్పుడో వెళ్లిపోయాయి. పూటకూళ్లవాడు గుర్తొచ్చింది అక్కడే.

ఇక నువ్వు ఏం నేర్చుకోవాలి అన్నది.

కుప్పకూలిన ఇంటి కింద నుంచి మనిషిని లాగడం, వెంటనే చూడాల్సినవాళ్లకి ఎర్ర రిబ్బను కట్టి ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తడం మొదటి రెండు మూడు రోజుల ముచ్చట. ఆ రెండు మూడు రోజులు ఆదుకునేది పక్కింటివాళ్లు, ఆ ఊరి ఏఎన్ఎం, ఆ జిల్లా ఆసుపత్రి. బయటినుంచి నువ్వు చేరేసరికి వచ్చేది మామూలు రోగాలే. బీపీ బిళ్లలు వరదలో కొట్టుకుపోయిన ముసలాయన, ఇన్సులిన్ చెడిపోయిన అమ్మాయి, శిబిరంలో నెలలు నిండిన గర్భిణి, తట్టు తగిలిన పిల్లాడు. 2018లో కేరళ వరదల తర్వాత బురద ఎత్తిపోయడానికి దిగిన ప్రతి మనిషికీ వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చుకుంటూ పోవడమే పెద్ద పని, ఎలుక జ్వరం రాకుండా. అందులో వీరత్వం ఏముంది? బిళ్ల, గ్లాసుడు నీళ్లు, రిజిస్టరులో సంతకం.

శిబిరంలో డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న నీళ్లెక్కడ అని. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, కుళాయి దగ్గర నీళ్లలో మిగిలిన క్లోరిన్ లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు. ఈ లెక్కలు స్టెతస్కోపు కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి. ఆడవాళ్ల మరుగుదొడ్లకి లోపల గడియ, దారిలో దీపం ఉన్నాయో లేదో నువ్వు చూడు, మగ డాక్టర్లకి అది తట్టదు. శవాలు కుళ్లితే అంటురోగాలు వస్తాయని అందరూ కంగారుపెట్టి, పేరూ ఊరూ రాసుకోకుండా సామూహికంగా పూడ్చేస్తారు. ప్రమాదంలో పోయినవాళ్ల శవాల వల్ల మామూలుగా అంటురోగాలు ప్రబలవు. గుర్తింపు లేకుండా పూడ్చేస్తే మాత్రం, ఆ తల్లి జీవితాంతం బస్టాండుల్లో కొడుకుని వెతుక్కుంటూనే ఉంటుంది.

డాక్టరు దిలీప్ మహలనబిస్ గారి గురించి చదువు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్‌లో కలరా. సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పూ గ్లూకోజూ సోడా కలిపిన పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి డ్రమ్ములకి కుళాయిలు పెట్టించి, తల్లుల చేతే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆయన మన మతంవాడు కాదు. మనవాళ్లు సేవ అంటే మనకే పేటెంటు ఉన్నట్టు మాట్లాడినప్పుడల్లా నాకు ఆ డ్రమ్ములు గుర్తొస్తాయి.

ట్రయాజ్ గురించి, అంటే ఎవరిని ముందు చూడాలో రంగు చీటీలు కట్టి వేరుచేయడం గురించి, ఎవరూ నీకు నిజం చెప్పరు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ నేర్చుకోవడం తేలిక. నలుపు కష్టం. ఊపిరి ఇంకా ఆడుతున్న మనిషికి, వనరులు చాలవని నలుపు కట్టి పక్కన పెట్టడం. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చింది శనివారం మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా. అక్కడ సంఘాలు ఆరాధనకి కూడుకునేది శనివారమే. ప్రార్థనలో ఉండగా కప్పు కూలి పోయినవాళ్లు ఉన్నారు. మేం చేరేసరికి మొదటి తాకిడి అయిపోయింది. మే 12న 7.3 తీవ్రతతో మళ్లీ వచ్చినప్పుడు మాత్రం అక్కడే ఉన్నాను. ఒక ముసలమ్మకి నేనే నల్ల చీటీ కట్టాను. వెళ్లి పక్కన కూర్చోవడానికి కూడా తీరిక లేదు, ఎర్ర చీటీలవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఒక నేపాలీ నర్సు వెళ్లి కూర్చుని, చెయ్యి పట్టుకుని, చివరిదాకా మాట్లాడుతూనే ఉంది. విశ్వాసం ఉన్న డాక్టరుకి ట్రయాజ్ ఇంకొంచెం బరువు, ఎందుకంటే తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాన్ని వెతికిన కాపరి కథ విని పెరిగాం. ట్రయాజ్ సరిగ్గా దానికి తిరగేసిన పని. నేను కుదుర్చుకున్న పద్ధతి ఒకటే: నలుపు కట్టినచోట ఒక మనిషిని, డాక్టరే కానక్కర్లేదు, తప్పకుండా కూర్చోబెట్టడం. టీమ్ లీడరుతో ముందే మాట్లాడి ఆ మనిషిని కేటాయించుకుంటాను.

నేపాల్లో ఇంకో సంగతి. కొన్ని టీములు వచ్చి విరిగిన కాళ్లకి బయటి నుంచి ఇనుప కడ్డీలు బిగించి పదో రోజున విమానం ఎక్కేశాయి. అవి ఎప్పుడు తియ్యాలి, ఎవరు తియ్యాలి? కాగితం ముక్క కూడా లేదు. వెన్ను విరిగినవాళ్లని నెలల తరబడి చూసుకుంది సాంగాలోని వెన్నుపూస పునరావాస కేంద్రం, పోఖరాలోని గ్రీన్ పాస్చర్స్ ఆసుపత్రి లాంటివి. 2010 హైతీ భూకంపంలో ఈ గందరగోళం మరీ ఎక్కువై, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బయటి వైద్య బృందాలకి కొలతలు పెట్టింది. ఆపరేషన్లు చేసే రెండో తరగతి బృందం అంటే రాత్రింబవళ్లు పని, కనీసం ఇరవై పడకలు, రోజుకి ఏడు పెద్ద ఆపరేషన్లు చేయగల సత్తా, కనీసం మూడు వారాల మకాం, నీళ్లూ తిండీ కరెంటూ చెత్త పారబోత అన్నీ సొంతంగా. చదివినప్పుడు మా వ్యాను గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నువ్వు అడక్కుండా వదిలేసిన ప్రశ్న ఒకటి ఉంది, నేనే చెబుతాను. శిబిరంలో సువార్త చెప్పొచ్చా? చెప్పకు. ఆకలితో, భయంతో, నీ చేతిలో మందు కోసం చూస్తున్న మనిషికి ‘వద్దు’ అనే స్వేచ్ఛ లేదు. సహాయాన్ని మతప్రచారానికి వాడకూడదని 1994లో రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు రాసుకున్న నియమావళిలోనే ఉంది. మన ఒంగోలు చరిత్ర అంతకంటే పాతది. 1876-78 ధాతు కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లకి ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారనే మాట ఉండకూడదని. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ తర్వాత జరిగినదాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉండొచ్చు. కరువులో ఆగడం మాత్రం నాకు నచ్చుతుంది. ఎవరైనా ‘నా కోసం ప్రార్థన చెయ్యండి’ అని వాళ్లంతట వాళ్లే అడిగితే చెయ్యి పట్టుకుని చేస్తాను. హిందువులూ ముస్లిములూ కూడా అడిగారు. అడగనివాళ్ల కోసం రాత్రి గుడారంలో చేసుకుంటాను. ఫోటోలు మాత్రం తియ్యను. సంఘానికి సాక్ష్యం కావాలంటే మాటలు చాలు.

ఇంటి సంగతికొస్తాను. మీ నాన్నగారి మాటే రైటు. పీజీ చెయ్యి. ఎమర్జెన్సీ మెడిసిన్, అనస్థీషియా, సర్జరీ, గైనిక్, ఫ్యామిలీ మెడిసిన్, ఏదైనా పనికొస్తుంది. నన్నడిగితే ఒంటరిగా సిజేరియన్ చేసి, తల్లికి వెన్నులో స్పైనల్ మత్తు కూడా తనే ఇచ్చి, పురిటిబిడ్డకి ఊపిరి తెప్పించగల డాక్టరు ఎక్కడైనా బంగారమే. ర్యాంకు రాకపోతే ఈ లోపు రెండేళ్లు మారుమూల మిషన్ ఆసుపత్రిలో జూనియరుగా చేరు. ఎమ్మాన్యుయేల్ హాస్పిటల్ అసోసియేషన్‌కి ఉత్తర, మధ్య, ఈశాన్య భారతంలో ఆసుపత్రులున్నాయి, విపత్తు సహాయం పనికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. అక్కడ కరెంటు పోవడం, రక్తం దొరక్కపోవడం, అంబులెన్సు రాకపోవడం రోజూ మామూలే. విపత్తుకి అంతకంటే శిక్షణ ఏముంటుంది? ఆ రెండేళ్లలో, చప్పట్లు లేనిచోట, రాత్రి రెండింటికి లేపితే విసుక్కోకుండా లేవగలుగుతున్నావా చూసుకో. నీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుంది, కూడికల్లో దొరకదు.

సంబంధాల మాటెత్తితే, అబ్బాయికి ఈ సంగతి మొదటి మాటల్లోనే చెప్పెయ్యి. మా ఆయన బ్యాంకు ఉద్యోగి. పెళ్లిచూపుల్లో చెబితే, “సరే, ఎన్ని రోజులో ముందే చెప్పి వెళ్లు” అన్నాడు. ఆ ఒక్క షరతు మీదే ఇన్నేళ్లు నడిచింది. తిరిగొచ్చిన మొదటి వారం నేను ఎవరితోనూ మాట్లాడను, తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాను. నేపాల్ తర్వాత అది నెల దాటితే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. విశ్వాసం తక్కువై కాదు, నిద్ర తక్కువై. నువ్వూ మొహమాటపడకు.

పీజీ సీటు కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి గడువు దాటనివ్వకు. పాస్‌పోర్టు లేకపోతే ఈ నెలలోనే అప్లై చెయ్యి. హెపటైటిస్ బి మూడు డోసులూ పడ్డాయా, రక్తంలో టైటరు, అంటే టీకా ఇచ్చిన రక్షణ, ఎంతుందో చూపించుకో. ధనుర్వాతం టీకా తేదీ ఫోనులో రాసిపెట్టుకో. నాన్నగారు ఒప్పుకుంటే ఈ వేసవిలో రెండు వారాలు మా ఆసుపత్రికి రా. లేబర్ వార్డులో రాత్రి డ్యూటీ వేస్తాను, గది ఇస్తాం, క్యాంటీన్ భోజనం అంత బావుండదు. దుప్పటి మాత్రం నువ్వే తెచ్చుకో.